మునేటి నీళ్ళ రంగు

"నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

మా బావ ఫోన్లో ఆ మాట అడిగినప్పుడు నేను విజయవాడ వెళ్ళే బస్సులో, మునేటి వంతెన మీద, కిటికీ పక్క సీట్లో ఉన్నాను. చూశాను, చెప్పాను. సరిగ్గా చూడడం నా వృత్తి. అందులో నాకు పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పకపోతే, ఆ రోజు నేనేదో తొందరలో నోరు జారాననుకుంటారు. నేను నోరు జారలేదు. బాగా చూసి, పూర్తిగా నమ్మి చెప్పాను.

మేం మునేటి ఒడ్డువాళ్ళం. నందిగామ నుంచి చందర్లపాడు వైపు వెళ్తూ మధ్యలో ఏటి వైపు తిరిగితే మా ఊరు వస్తుంది. అమ్మా నాన్నా మిరపతోటల్లో, పత్తిచేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఐదో తరగతితో దాన్ని మాన్పించి కాయకోతకి తీసుకెళ్ళారు. నన్ను మాత్రం చదివించారు. చిన్నదానికి చదువు, పెద్దదానికి పని అని ఎవరూ పెద్దగా ఆలోచించి పంచలేదు, అలా జరిగిపోయింది. మంచినీళ్ళు తేవడం దగ్గర్నుంచి బట్టలుతకడం దాకా అక్క రోజుకి నాలుగుసార్లు ఏటికి వెళ్ళేది. నేను ఆదివారం ఆదివారం వెళ్ళేదాన్ని, ఆడుకోవడానికి.

మా ఊళ్ళో బాప్తిస్మాలు మునేట్లోనే ఇస్తారు. నా వంతు వచ్చేసరికి నాకు పదిహేనేళ్ళు. తెల్లబట్టలేసుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడితే, మా చర్చి అయ్యగారు నా ముక్కు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకో తల్లీ అన్నారు. నేను మూసుకోలేదు. ముంచేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. పైనుంచి ఎండ లోపలికి దిగి ఆకుపచ్చగా వణుకుతోంది. అడుగున ఇసుక సన్నటి చారలు చారలుగా కదులుతోంది. ఒక చిన్న చేప నా చెయ్యి పక్కనుంచి వెళ్ళింది. లేచాక అందరూ పాట పాడుతున్నారు, అమ్మ ఏడుస్తోంది, నాకేమో మళ్ళీ ముంచితే బాగుండునని ఉంది. దేవుడు నాకు కనిపించాడో లేదో చెప్పలేను గానీ, ఆ వెలుగు మాత్రం నా కళ్ళలో ఉండిపోయింది. ఇప్పటికీ నేను చేసే ప్రతి గాజుపలకలో దాన్నే పట్టుకోవాలని చూస్తాను. ఒక్కసారి కూడా పూర్తిగా దొరకలేదు.

ఇంటర్ అయ్యాక జగ్గయ్యపేటలో ఫోటోఫ్రేములు కట్టే, అద్దాలు అమ్మే షాపులో బిల్లులు రాయడానికి చేరాను. షాపు పెద్దాయన నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. "అమ్మాయ్, ఇది అద్దాల షాపు. చేతులూపుకుంటూ నడవడానికి మీ పొలంగట్టు కాదు" అని మొదటిరోజే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పక్కకెళ్ళినప్పుడు కట్టర్ తీసుకుని చెత్తబుట్టలోని ముక్కల మీద గీయడం మొదలుపెట్టాను. గాజు కోసేటప్పుడు ఒక సన్నటి చప్పుడు వస్తుంది, పట్టుచీర చింపినట్టు. ఆ చప్పుడు ఎక్కడా తెగకుండా చివరిదాకా వస్తే గాజు చెప్పినట్టు విరుగుతుంది. మధ్యలో తెగిందంటే ఇక అంతే, దానికి తోచిన చోట పగులుతుంది. నాలుగు నెలలకి ఆయన వెనక నిలబడి చూశాడు. మర్నాటి నుంచి బిల్లులు ఆయనే రాసుకున్నాడు.

అప్పట్లో కొత్తిళ్ళ తలుపులకి గాజు మీద పొగమంచులా డిజైన్లు వేయించుకునేవాళ్ళు. స్టిక్కరు అంటించి, బొమ్మ మేరకి కత్తిరించి, మందు పూసి కడిగితే బొమ్మ తెల్లగా తేలుతుంది. అందరికీ నెమళ్ళే కావాలి, లేదా హంసలు. నేను నెమళ్ళు వేసీ వేసీ విసిగిపోయి ఒకసారి తుంగగడ్డి మీద వాలిన లకుముకిపిట్టని వేశాను. "నెమలి అడిగితే నెమలి పెట్టాలి గానీ ఈ పిట్టనెవరు తీసుకుంటారే?" అని పెద్దాయన కేకలేశాడు. రెండు నెలలు అది గోడకి ఆనించే ఉంది. చివరికి చిల్లకల్లు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ, మా చెరువు దగ్గర అచ్చం ఇలాగే కూర్చుంటుందండి అని తీసుకెళ్ళింది. ఆ రోజు నేను అన్నం తినలేదు, కడుపు నిండిపోయింది.

తర్వాత పెద్దాయన షాపు మానుకుంటే నేనే తీసుకున్నాను. పింగాణీ కప్పుల మీద బొమ్మలు కాల్చే కరెంటు కొలిమి ఒకటి విజయవాడలో పాతది దొరికింది, అది తెచ్చుకున్నాను. రంగుగాజు ముక్కల్ని పక్కపక్కన పేర్చి అందులో పెడితే కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కరగడానికి కొన్ని గంటలు చాలు. చల్లారడానికి మాత్రం ఒక పగలు, ఒక రాత్రి, ఒక్కోసారి ఇంకో పగలు కావాలి. ఆగలేక ముందే మూత తీస్తే కళ్ళముందే పటుక్కున పగులుతుంది. నాకు అసలే తొందర ఎక్కువ. అలా ఎన్ని పగలగొట్టానో నా వేళ్ళ మీద గాట్లని అడగాలి.

గాజు కొనడానికి విజయవాడ వెళ్ళినప్పుడల్లా వంతెన మీద మునేరు కనపడేది. ఆ రోజు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూసుకుని, ఇంటికొచ్చి, ఆ రంగుకి దగ్గరగా ఉన్న గాజుముక్క వేలెడంత కోసి షాపు కిటికీలో నిలబెట్టేదాన్ని. ఏప్రిల్‌ది ఎండిన తేనెరంగు. జూలైది టీ నీళ్ళ రంగు. నవంబరుది లేత ఆకుపచ్చ, నేను మునిగిన నాటి రంగు. పన్నెండేళ్ళలో కిటికీ నిండిపోయింది. అక్కని మా ఊళ్ళోనే ఇచ్చారు. మా బావ షాపుకి వచ్చినప్పుడల్లా నవ్వేవాడు. "మీ అక్కకి చీర కొంటే ఒకటే రంగు. ఏటికి మాత్రం వారానికో రంగు చీర కొంటున్నావు" అనేవాడు. కానీ ఊరికి వెళ్ళి, "మా మరదలికి మునేరు గురించి తెలిసినంత ఎవరికీ తెలీదు" అని అందరికీ చెప్పేవాడు. ఆ మాట నాకు చేరేది. బాగుండేది.

అక్కకి ఆ కిటికీ గురించి ఏమనిపించిందో నాకు తెలీదు. ఒకసారి దానికేసి చూసి, "దుమ్ము పడుతోంది, తుడుచుకో" అంది.

ఆ ఏడాది మా ఊరి చర్చిలో ప్రసంగవేదిక వెనక గోడకి పెద్ద కిటికీ పెట్టాలనుకున్నారు. అయ్యగారు షాపుకొచ్చి, "గొర్రెలకాపరి బొమ్మ స్టిక్కరు వేయించేస్తే ఒక్కరోజు పని అంటున్నారమ్మా. నేనే ఆపాను. మనవాళ్ళందరూ మునిగి లేచిన ఏరు ఉండగా మనకి వేరే బొమ్మెందుకు, నువ్వు చేసిపెట్టు" అన్నారు. నా జీవితంలో నన్ను ఎవరూ అంత పెద్ద పని అడగలేదు. నేలమీద కాగితాలు పరిచి, పాకుతూ గీశాను. ఇటు మిరపకల్లాల ఎరుపు, అటు తాటిచెట్ల నలుపు, మధ్యలో పైనుంచి కిందదాకా మునేరు. ఆ నీళ్ళకి కావలసిన పచ్చగాజు నా దగ్గర సరిపోలేదు. అది తేవడానికే ఆ రోజు బస్సెక్కాను.

ఆగస్టు చివర. రెండు రోజులుగా ముసురు. మాకు పెద్ద వాన లేదు గానీ ఎగువన, ఖమ్మం వైపు, గట్టిగా పడుతోందని టీవీలో చెబుతున్నారు. ముందురోజు సాయంత్రం మా ఊళ్ళో ఆటోకి మైకు కట్టుకుని, ఏటివైపు ఎవరూ వెళ్ళొద్దని చెప్పి వెళ్ళారట. ఏటా చెబుతారు. చెప్పినప్పుడల్లా ఏరు రాదు, అందుకని ఆ మైకుని ఎవరూ లెక్కచెయ్యరు. మా బావకి ఏటి ఇసుకలో, నీళ్ళ అంచున, మోటారు ఉంది. వానలు మొదలవగానే తీసి ఒడ్డుకి తెచ్చుకోవాలి. ఆ ఏడు వానలు వెనకాడాయి, మిరపనారు ఎండిపోతోందని తీయకుండా ఉంచాడు. అక్క పదిసార్లు పోరింది. రేపు రేపు అన్నాడు.

ఆ పొద్దున నేను బస్సులో ఉన్నానని తెలిసి, వంతెన వచ్చే వేళకి సరిగ్గా ఫోన్ చేశాడు.

"నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

వంతెన మీద లారీ ఏదో ఆగి బస్సు మెల్లిగా పోతోంది. తీరిగ్గా చూశాను. మబ్బు కింద నీళ్ళు నిండుగా, పచ్చగా, నున్నగా ఉన్నాయి. స్తంభాల పక్కనా, ఒడ్డు పొడుగునా సన్నటి తెల్ల అంచు, పచ్చచీరకి జరీ లేకుండా నేసిన అంచులాగా. ఎంత బావుందో. వరద రంగు నాకు తెలుసు, ఎర్రమట్టి కలిపిన పాలరంగు. అది ఎక్కడా లేదు.

"తేటగా ఉన్నాయి బావా. మట్టి చుక్క లేదు. ఏం రాదు, వెళ్ళి తెచ్చుకో" అన్నాను. అని ఊరుకోలేదు. ఫోటో తీసి పంపాను. కింద రాశాను కూడా: ఎంత తేటగా ఉందో చూడు.

అప్పటికి ఎనిమిదిన్నర. పదకొండింటికి నేను విజయవాడ గాజు గోడౌన్లో ఒక పచ్చపలకని వెలుగుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాను. ఫోన్ మోగింది. అక్క.

"ఏరొచ్చిందే. మీ బావ లోపలున్నాడు."

పలక కింద పెట్టానో, పడేశానో గుర్తులేదు. గోడౌనతను ఏదో అరిచాడు. ఆటో, బస్టాండు, బస్సు. ఆ బస్సులో గంటసేపు నేను పడ్డ నరకం ఎవరికీ వద్దు. అక్కకి చేస్తే ఎత్తదు. బావ ఫోన్ స్విచాఫ్. వెళ్ళి తెచ్చుకో అన్న నా గొంతే నాకు వినిపిస్తోంది, ఎంత ధీమాగా అన్నానో.

వంతెన దగ్గర పోలీసులు ఒక్కొక్క బండినే వదులుతున్నారు. ఇంకాసేపట్లో ఆపేస్తారట. కిందకి చూశాను. పొద్దున నేను చూసిన ఏరు అక్కడ లేదు. ఇటుకరంగు నీళ్ళు, వేళ్ళతో సహా కొట్టుకొస్తున్న చెట్లు, ఒక గడ్డివాము, ఒక నీలం డ్రమ్ము. వంతెన స్తంభాలు సగానికి పైగా మునిగిపోయాయి. చప్పుడు బస్సులోపలికి వస్తోంది. మూడుగంటల్లో ఏరు ఇంత మారుతుందని నాకు తెలీదు. పన్నెండేళ్ళు దాని రంగులు ఏరుకున్నాను, అది ఎలా వస్తుందో మాత్రం ఒక్కరోజూ నిలబడి చూడలేదు.

మా ఊరి ఒడ్డుకి చేరేసరికి ఒంటిగంట. జనం. గట్టు మీద అందరూ ఒకవైపే చూస్తున్నారు. ఏటి మధ్యలో, రెండు కొబ్బరిచెట్లంత దూరంలో, సర్కారు తుమ్మచెట్టు తల మాత్రం నీళ్ళపైన ఉంది. దాని కొమ్మల్లో తెల్లచొక్కా. మా బావ.

మోకాలిలోతు పాయ దాటి వెళ్ళాడట. మోటారు బోల్టులు తుప్పుపట్టి ఊడలేదు. ఒక్కటి, ఇంకొక్కటి అని కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూసేసరికి పాయ నడుంలోతు దాటింది. చెట్టెక్కాడు.

అక్క నీళ్ళ అంచున నిలబడి ఉంది. చీర మోకాళ్ళదాకా తడిసింది. ఇద్దరు ఆడవాళ్ళు రెండు చేతులూ పట్టుకుని ఉన్నారు. ఏడవడం లేదు. తిడుతోంది. గొంతు చిరిగిపోయేలా బావని తిడుతోంది.

"కొమ్మ వదిలావంటే చూడు! పైకెక్కు! ఆ పక్క కొమ్మ కాదు, లావుది పట్టుకో! చెప్తే విన్నావా? పదిసార్లు చెప్పానా లేదా? నిద్రపోకు! ఏయ్, ఇటు చూడు!"

ఏటి హోరులో సగం అతనికి వినపడదు. అయినా ఆపలేదు. అతని చెయ్యి జారినట్టు కనిపిస్తే చాలు, అక్క గొంతు ఇంకా పెరిగేది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. నావైపు ఒకసారి తిరిగి చూసింది. మళ్ళీ తిట్లు మొదలుపెట్టింది.

మా వెనక చేపలుపట్టే ముసలాయన ఒకాయన ఎవరితోనో అంటున్నాడు. "పొద్దున ఏడింటికే అంచున నురగ పట్టింది. నేను వల తీసేసుకున్నా. నురగొచ్చిందంటే వెనక నీళ్ళు తోసుకొస్తున్నట్టే కదండీ. రంగు తర్వాతెప్పుడో మారుద్ది."

నేను గట్టు దిగి పక్కకి వెళ్ళి ఫోన్ తీశాను. ఫోటో తెరిచాను. ఒడ్డు పొడుగునా, స్తంభాల చుట్టూ తెల్లటి అంచు. చీర అంచు అనుకున్నది. నురగ. ఎంత స్పష్టంగా ఉందంటే, దాన్ని మధ్యలో పెట్టి మరీ తీశాను.

పడవ వస్తుందన్నారు. నందిగామ నుంచి బయల్దేరిందన్నారు. రోడ్డు తెగిందన్నారు. తుమ్మచెట్టు ఒక్కో పెద్ద దుంగ తగిలినప్పుడల్లా పక్కకి వాలి మళ్ళీ లేచేది. వాలినప్పుడు గట్టుమీదున్న అందరి నోటినుంచీ ఒకటే శబ్దం వచ్చేది. రెండుగంటలకి నీళ్ళు బావ నడుందాకా వచ్చాయి. ప్రభువా, ప్రభువా అని ఆడవాళ్ళు ప్రార్థన చేస్తున్నారు. నేనూ చేశాను. నా ప్రార్థన ఏమిటో దాచను. ఆయన్ని బతికించు అన్నాను, వెంటనే, నేను చెప్పానని అక్కకి తెలియనివ్వకు అన్నాను. రెండూ ఒకే ఊపిరిలో అన్నాను. ఆ రెండోమాటకి నాకు ఇప్పటికీ సిగ్గు.

మూడుగంటల ప్రాంతంలో ఇద్దరు జాలర్లు గుండ్రటి పుట్టి దించారు. ఎగువకి చాలాదూరం మోసుకెళ్ళి, నడుముకి తాడు కట్టుకుని, ఆ తాడు ఇరవైమంది పట్టుకుంటే, నీళ్ళకి అడ్డంగా జారుకుంటూ చెట్టు వైపు వచ్చారు. మొదటిసారి తప్పిపోయింది. పుట్టి చెట్టుని దాటి కిందకి కొట్టుకుపోతే తాడు లాగి తెచ్చారు. రెండోసారి బావ దూకలేదు. కాళ్ళు కొయ్యబారిపోయాయట. "దూకు!" అని అక్క అరిచిన అరుపులాంటిది నేనింతవరకూ ఏ మనిషి నోటా వినలేదు. దూకాడు.

ఒడ్డుకి చేరాక పడుకోబెట్టారు. తొడ మీద తుమ్మముళ్ళు చీరిన గాయాలు, పెదాలు నల్లగా. అక్క అతని ఛాతీ మీద రెండు చేతులతో బాదింది. తర్వాత కొంగుతో మొహం తుడిచింది.

"ఎవరు చెప్పారు నీకు వెళ్ళమని? ఎవరు చెప్పారు?"

బావ కళ్ళు తెరిచి నావైపు చూశాడు. ఒక్క క్షణమే.

"ఎవరూ చెప్పలేదు" అన్నాడు. "నాకే బుద్ధి లేక వెళ్ళా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ నిజం అదే. ఆయన ఫోన్ ఏట్లో పోయింది. ఆయన నోరు విప్పడు. ఇక ఎవరికీ తెలీదు.

అక్క ఆ రోజు మొదలుపెట్టిన తిట్లు ఆపలేదు. అన్నం పెడుతూ తిట్టేది, గాయానికి కట్టు మారుస్తూ తిట్టేది, చర్చి నుంచి వస్తూ దారిలో తిట్టేది. వానపడితే చాలు. "మైకులో చెప్పారు, నేను చెప్పా, ఊరంతా చెప్పింది. ఎవరి మాటా వినవు కదా!" ఆయన తలొంచుకుని వినేవాడు. ఊళ్ళో వాళ్ళూ అనేవాళ్ళు, మోటారు కోసం ప్రాణం మీదకి తెచ్చుకున్నాడని. నవ్వేవాళ్ళు కూడా. మా బావ నవ్వులపాలవ్వాల్సిన మనిషి కాదు. నిదానస్తుడు, నాలుగువైపులా అడిగి గానీ అడుగు వెయ్యడు. ఆ రోజూ అడిగే వేశాడు. నన్నడిగాడు.

ఒకసారి పెరట్లో ఒంటరిగా దొరికితే, "చెప్పేస్తా బావా" అన్నాను.

"ఎందుకమ్మా? ఇద్దరు అక్కాచెల్లెళ్ళు విడిపోవడానికా? నాకలవాటైపోయిందిలే" అన్నాడు.

నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. ఆయనే వద్దన్నాడు కదా అనుకున్నాను. పిరికితనానికి అంతకంటే మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది?

పని మాత్రం సాగలేదు. చర్చి కిటికీలో ఏటి భాగం మూడుసార్లు కాల్చాను. మిరప ఎరుపు గాజుకి తగిలేలా రాగి కలిపిన నీలిగాజు పెడితే రెండూ కలిసే చోట మాడినట్టు నల్లగీత వస్తుంది. మొదటి ఏడాదిలోనే నేర్చుకున్న సంగతి. అయినా రెండుసార్లు అలాగే పేర్చి కాల్చాను. చేతులు పేరుస్తున్నాయి గానీ కళ్ళు అక్కడ లేవు. అయ్యగారు ఫోన్ చేస్తే కరెంటు సరిగా లేదండి అనేదాన్ని. అక్క ఒకసారి, "ఆ ఏరునే పెడతావా చర్చిలో? పెట్టు. నేను తలెత్తి చూడను" అంది. నా షాపు కిటికీలో వరసగా నిలబడ్డ గాజుముక్కలన్నీ తీసి ఒక డబ్బాలో పడేశాను.

అలా ఐదున్నర నెలలు. ఫిబ్రవరిలో మిరపకాయ కల్లంలోకి వచ్చింది. నేను ఊరెళ్ళాను. అక్క కల్లం పక్కన పరదాపట్టా మీద కూర్చుని కాయకి తొడిమలు తీస్తోంది. నేనూ కూర్చున్నాను. ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. బావ అటు చివర కాయ ఎండేలా కాలితో సర్దుతున్నాడు. ఆకాశంలో ఒక చిన్న మబ్బు, ఎందుకూ పనికిరానిది. దాన్ని చూసి అక్క మొదలుపెట్టింది.

"పరదాలు దగ్గర పెట్టావా? పెట్టుండవు. నీకెవరి మాటా ఎక్కదు కదా. ఆ రోజూ అంతే..."

పక్క కల్లంలో కూలివాళ్ళు పకపకా నవ్వారు. బావ కూడా నవ్వబోయాడు. నవ్వు మొహం మీదకి రాలేదు. చేతిలో కర్ర కింద పెట్టి, మెల్లిగా నడిచి, కల్లం దాటి చేలోకి వెళ్ళిపోయాడు. వెనకనుంచి చూస్తే ముసలివాడైపోయినట్టు కనిపించాడు. అంతవరకే ఓర్చుకోగలిగాను.

"అక్కా, ఆ రోజు బావ నాకు ఫోన్ చేశాడు."

"ఏ రోజు?"

"ఏరొచ్చిన రోజు. నేను వంతెన మీదున్నా. నీళ్ళెలా ఉన్నాయని అడిగాడు. తేటగా ఉన్నాయి, ఏం రాదు, వెళ్ళి మోటారు తెచ్చుకో అన్నా. ఫోటో కూడా పంపా. నేను చెప్పబట్టే వెళ్ళాడు."

అక్క చేతులు ఇంకో రెండు కాయలకి తొడిమలు తీశాయి. తర్వాత ఆగిపోయాయి. నావైపు చూడలేదు.

"ఇన్నాళ్ళూ నేను ఆయన్ని తిడుతుంటే పక్కన కూర్చుని అన్నం తిన్నావు."

చేతిలో కాయని పరదా మీద పెట్టేశాను.

"నా చేతి అన్నమే తిన్నావు."

"అవునక్కా."

కొట్టినా బాగుండేది. ఇక నాతో మాట్లాడదు, ఈ గడప తొక్కొద్దంటుంది అనుకున్నాను.

"ఆ ఫోటో ఉందా?" అంది.

తీసి ఇచ్చాను. చేతులు కొంగుకి గట్టిగా తుడుచుకుని ఫోన్ తీసుకుంది. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. పెద్దది చేసి చూడలేదు. ముందుకీ వెనక్కీ జరపలేదు.

"నురగొచ్చేసింది కదే" అంది వెంటనే. "వంతెన దగ్గర ఇంత నురగుంటే మనూరికి రెండు గంటల్లో వస్తుంది. ఇదిగో, ఈ గడ్డి చూడు, అంచుకి కాదు, ఏటి మధ్యకి లాగుతోంది. లోపల వడి మొదలైంది."

ఆ గడ్డిని నేను అప్పటికి ఐదు నెలలుగా ఆ ఫోటోలో చూస్తున్నాను. ఒక్కసారీ కనపడలేదు.

"బావ కూడా చూశాడక్కా" అన్నాను. ఎందుకన్నానో, సగం తప్పు ఆయన మీదకి తోయడానికే అయ్యుంటుంది.

"ఆయనకి దగ్గరవి ఆనవు. ఆ చిన్న ఫోన్లో ఏం కనపడుద్ది? నువ్వు రాసింది మాత్రం ఎవరిచేతనో చదివించుకునుంటాడు." ఫోన్ నా ఒళ్ళో పెట్టింది. అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరపఘాటుకి కాదు.

"నాకెందుకు పంపలేదే? నా దగ్గరా ఫోనుందిగా."

జవాబు నా నోట్లోనే ఉంది. ఏరు గురించి అక్కని అడగాలని నాకు తోచనే లేదు. నలభయ్యేళ్ళు రోజుకి నాలుగుసార్లు ఆ నీళ్ళలో దిగిన మనిషి. మా ఇంట్లో చూసేది నేను, చేసేది అక్క అని నేను ఎప్పుడో రాసిపెట్టేసుకున్నాను. అక్కకీ కళ్ళున్నాయని తోచలేదు. ఆ మాట దాని మొహం మీద అనలేక తల దించుకున్నాను. అది అర్థమైపోయినట్టుంది, మళ్ళీ అడగలేదు.

చేలోపల బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు, మాకు వీపు పెట్టి. అక్క అటే చూస్తోంది. పెదాలు కదిలాయి, పిలవడానికి. గొంతు రాలేదు. ఏటి హోరుని దాటిన గొంతు అది.

"లే" అంది నాతో. "వెళ్ళి మీ బావని అన్నానికి పిలు. నేను పిలవలేను."

నేను లేచి వెళ్ళాను.